గేటు మీద పేరు

బెజవాడ పటమటలో నడిచినా, గుంటూరు బ్రాడీపేటలో నడిచినా ఇళ్లన్నీ ఆడవాళ్లవే. లక్ష్మీ నిలయం, సీతా సదనం, పద్మావతీ నివాస్. నల్ల గ్రానైట్ పలక, బంగారు రంగు అక్షరాలు, అటొకటి ఇటొకటి నెమళ్లు. ఊరికి కొత్తగా వచ్చినవాడు కృష్ణా తీరంలో స్త్రీ రాజ్యం నడుస్తోందనుకున్నా తప్పులేదు. పలక చెక్కించిన ఇంటాయన కూడా గృహప్రవేశం నాడు నలుగురిలో ఇదే అంటాడు: "మనదేముందండీ, అంతా మా ఆవిడదే." ఈ మాటను కోర్టు కూడా నమ్మాలని ఆయన పట్టుబట్టేది మాత్రం ఐపీ పెట్టినప్పుడే.

ఐపీ అంటే అప్పులు తీర్చలేనని కోర్టులో వేసే దివాలా పిటిషన్ అని మన జిల్లాల్లో చంటిపిల్లలకు కూడా తెలుసు. చీటీలు నడిపినాయన పెడతాడు, మిర్చి కమీషన్ కొట్టాయన పెడతాడు, ఆటోనగర్ షెడ్డాయన పెడతాడు. దానికి ఆధారం 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం. 2016లో కేంద్రం కొత్త దివాలా కోడ్ తెచ్చిన మాట నిజమే గానీ, వ్యక్తుల వరకు అది కంపెనీ అప్పులకు హామీ సంతకం పెట్టినవాళ్లకే, 2019 డిసెంబరు 1 నుంచి, అమలవుతోంది. మిగతా మనబోటివాళ్లకు తెల్లదొరల చట్టమే గతి. అప్పులు తీర్చలేని స్థితి, ఆ అప్పులు కనీసం 500 రూపాయలు ఉండటం: ఆ చట్టం అడిగే అర్హతల్లో మొదటివి ఇవి. అంటే ఇవాళ రెండు లైనింగ్ జాకెట్ల కుట్టుకూలి బాకీ పడితే సరిపోతుంది.

పిటిషన్ పడబోయే ముందు ఆ ఇంట్లో ఒక విచిత్రం జరుగుతుంది. భర్తకు భార్య మీద ప్రేమ పుట్టుకొస్తుంది. పాతికేళ్లలో ఒక్కసారీ పుట్టినరోజు గుర్తుపెట్టుకోని మనిషి పొద్దున్నే ఆవిణ్ణి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు తీసుకెళ్లి, "నీ యందు గల ప్రేమాభిమానములచే" మూడంతస్తుల ఇల్లు సెటిల్‌మెంట్ దస్తావేజు రాసిచ్చేస్తాడు. సాక్షి సంతకం బావమరిదిది. ఆవిడకు మాత్రం అక్కడ వేలిముద్ర తీసుకునేదాకా వచ్చిన పనేమిటో తెలియదు.

ఈ ప్రేమకు చట్టం కొలత పెట్టింది. 1920 చట్టం 53వ సెక్షన్ ప్రకారం ఆ కొలత రెండేళ్లు. ఆస్తి రాసిచ్చిన రెండేళ్లలోపు ఐపీ దాఖలై, కోర్టు ఆయన్ను దివాలా తీసినట్టు ప్రకటిస్తే, రిసీవరు (దివాలా తీసినాయన ఆస్తిని చూసుకోవడానికి కోర్టు పెట్టే మనిషి) అడిగిన మీదట ఆ దస్తావేజును రద్దు చేయవచ్చు. పెళ్లికి ముందే ఆ పెళ్లి నిమిత్తం రాసిచ్చినదాన్నీ, మంచి నమ్మకంతో నిజంగా సొమ్మిచ్చి కొన్నదాన్నీ వదిలేస్తారు. ప్రేమాభిమానాలు సొమ్ము కిందికి రావు. ఇక పిటిషన్ వేసిన మర్నాడు పుట్టిన ప్రేమకు కొలత కూడా అక్కర్లేదు. దివాలా ఉత్తర్వు ఎప్పుడొచ్చినా దాని ప్రభావం పిటిషన్ వేసిన రోజు నుంచే లెక్క. ఆ రోజుకే ఇల్లు ఆయనది కాకుండా పోయింది కాబట్టి, ఆవిడకు ఇవ్వడానికి ఆయన దగ్గర మిగిలింది ఆ ప్రేమే.

తెలివైనవాళ్లు రెండేళ్ల ఒక రోజు ఆగుతారు. వాళ్ల కోసం 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం కాచుక్కూర్చుంది. అందులోనూ అది 53వ సెక్షనే కావడం కాకతాళీయం. అప్పులవాళ్లను ఎగ్గొట్టే ఉద్దేశంతో చేసిన బదిలీని వాళ్లు దావా వేసి పడగొట్టవచ్చు. అక్కడ రెండేళ్ల గీత లేదు, ఉద్దేశమే చూస్తారు. ఆ ఉద్దేశాన్ని పట్టించేది ఎక్కువగా దస్తావేజే. "క్రయధనం ఇదివరకే నగదుగా ముట్టినది" అన్న వాక్యం ఒక్కటి చాలు. ఎప్పుడు ముట్టింది, ఏ బ్యాంకు నుంచి ముట్టింది, ఆ ఏడు ఆవిడ ఆదాయం ఎంత అని అవతలి ప్లీడరు మూడు ప్రశ్నలు వేస్తే బావమరిదికి నీళ్లు తాగాలనిపిస్తుంది.

మరి పెళ్లయినందుకు ఆవిడకు ఇంట్లో సగం రాదా? మన దగ్గర రాదు. భర్త సంపాదించి తన పేర కొన్న ఇంట్లో భార్యకున్నది ఉండే హక్కు. గృహహింస చట్టం దాన్ని భర్త మీదా అత్తింటివాళ్ల మీదా నిలబెడుతుంది గానీ, ఇంట్లో వాటా మాత్రం ఇవ్వదు. తాతల నాటి ఇల్లయితే తమాషా ఇంకా బాగుంటుంది. కొడుక్కి పుట్టుకతోనే వాటా. కూతురికి ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణతో 1985 నుంచి, అప్పటికి పెళ్లికాకపోతే, వాటా. 2005 కేంద్ర సవరణతో పెళ్లయినవాళ్లకూ వాటా. ఆ సవరణ తర్వాత చేసిన తండ్రి అప్పుకు, కొడుకు అన్న ఒక్క కారణంతో పిల్లల వాటా మీద పడటానికి లేదు (ఉమ్మడి కుటుంబ అవసరానికి చేసిన అప్పయితే అది వేరే కథ). వాళ్లను కని పెంచినావిడకు? ఉమ్మడి ఆస్తి పంపకంలో భార్యకు వాటా ఇచ్చే పద్ధతి దక్షిణాదిలో ఎప్పుడో పోయింది. భర్త పోతే వారసురాలవుతుంది, అదీ అప్పులు పోగా మిగిలినదానికి.

ఇంతకీ నిలబడే హక్కు ఏదంటే, ప్రేమ వాసన లేనిది. పుట్టింటివాళ్లు పసుపుకుంకుమ కింద ఇచ్చిన ఎకరం ఆవిడ సొంతం, 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ కింద పూర్తి హక్కుతో. అది అమ్మిన దస్తావేజు, ఆ సొమ్ము ఆవిడ ఖాతాలో పడిన తేదీ, అక్కడినుంచి ఇల్లు అమ్మినాయనకు వెళ్లిన చెక్కు నంబరు, రిజిస్ట్రేషన్ ఆవిడ పేర, ఆస్తి పన్ను రసీదు ఆవిడ పేర. ఈ వరస ఎక్కడా తెగకూడదు. సాధారణంగా తెగేది రెండో మెట్టు దగ్గరే: పొలం సొమ్ము ఆయన ఖాతాలో వేస్తారు, "ఎవరి దగ్గరుంటే ఏముందిలే" అని. ఉన్నదంతా అక్కడే.

జప్తు రోజున ఈ కాగితాలు బీరువాలో ఉంటే లాభం లేదు. కోర్టు అమీను వస్తాడు, టముకు వేయిస్తాడు, ఉత్తర్వు ప్రతిని అందరికీ కనిపించే చోట అంటించాలి కాబట్టి గేటు పక్కన, సరిగ్గా గ్రానైట్ పలక కింద అంటిస్తాడు. సివిల్ దావాలో జప్తయితే ఆవిడ సివిల్ ప్రొసీజర్ కోడ్ 21వ ఆర్డరు 58వ రూలు కింద, ఈ ఆస్తి నాదంటూ క్లెయిమ్ పిటిషన్ వేయాలి. వేలం అయిపోయాక వెళితే తీసుకోరు, కావాలని జాగు చేశారని తోచినా తీసుకోరు. ఐపీలో రిసీవరు చేసిన పనికి అభ్యంతరమైతే దివాలా కోర్టుకే వెళ్లాలి, గడువు 21 రోజులు. ఇద్దరి పేరా ఉన్న ఇల్లయితే రిసీవరు చేతికి వచ్చేది ఆయన వాటాయే. ఆవిడ సగం ఆవిడదే.

ఆ సగాన్ని పోగొట్టే పనిని చట్టం పెట్టుకోలేదు, బ్యాంకుకు వదిలింది. లోను కాగితాల కట్టలో పెన్సిలుతో ఇంటూ మార్కులు పెట్టి "ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ పెట్టండమ్మా" అంటారు. ఆ సంతకాలతో ఆవిడ హామీదారు అవుతుంది, ఇంటి కాగితాలు తనఖా అవుతాయి. కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం హామీదారు బాధ్యత అప్పుదారు బాధ్యతతో సమానం. వాయిదా 90 రోజులు దాటితే మొండిబాకీ, తర్వాత సర్ఫేసీ (కోర్టులో దావా వేయకుండానే తనఖా ఆస్తిని బ్యాంకు పట్టుకోనిచ్చే చట్టం) నోటీసు, 60 రోజుల గడువు. దంపతులకు సమానత్వం ఇంత పక్కాగా రాసిపెట్టిన కాగితం పెళ్లి పత్రికతో సహా ఇంకెక్కడా లేదు.

కొత్త కోడ్ కిందికి వచ్చే హామీదార్లకు మాత్రం దయ చూపారు. తనఖాలో లేని ఒక్క ఇల్లు, పట్టణంలో 20 లక్షల విలువ దాటనిది, ముట్టుకోరు. బెజవాడలో 20 లక్షలకు దొరికే ఇల్లంటే కారు పార్కింగు, దాని పక్కన మెట్ల కింద వాచ్‌మన్ గది. పాత చట్టం కిందివాళ్లకు సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షనే దిక్కు. అది రైతుకూ కూలీకీ వాళ్లుండే ఇల్లు వదులుతుంది, వ్యాపారికి వదలదు. అందరికీ వదిలేది కట్టుబట్టలు, వంటపాత్రలు, మంచాలు, పరుపులు, మతాచారం ప్రకారం స్త్రీ ఒంటిమీద నుంచి తీయకూడని నగ, అంటే మంగళసూత్రం. కరెంటు కుక్కరు వంటపాత్ర అవునా కాదా అన్నది 1908లో ఆ కోడ్ రాసినవాళ్లెవరికీ తట్టలేదు.

గ్రానైట్ పలక మాత్రం ఈ జాబితాలో లేదు. సిమెంటుతో గోడకు దిగేసిన వస్తువు కాబట్టి చట్టం దృష్టిలో అది ఇంట్లో భాగమే, ఇంటితోపాటే వేలం పాటదారుడికి పోతుంది. పేరు వాళ్లావిడకు కలిస్తే ఉంచుకుంటాడు. కలవకపోతే మేస్త్రీని పిలిచి గ్రైండరు పెట్టిస్తాడు, నెమళ్లు మాత్రం ఉండనిమ్మంటాడు.