చీటీ పుస్తకం పెదనాన్న దగ్గరే

ఒక్కరి విశ్వాసం ఊరిని కదిలిస్తుందా అని ఈమధ్య ఒక వ్యాసంలో అడిగారు. ముందు పురుషోత్తమ చౌదరి గారు (1803-1890) గుర్తొచ్చారు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రీస్తుని నమ్ముకుని, మనవాళ్ల చెవులకి అలవాటైన రాగాల్లోనే కీర్తనలు కట్టారు. తెలుగు చర్చిల్లో ఇప్పటికీ పాడుతున్నారు.

నాకు దగ్గరగా తెలిసింది మాత్రం మా టీచరమ్మ. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, హిందువులం. మా వీధిలో క్రైస్తవం ఆవిడ ఇంట్లోనే. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి కొబ్బరి, జీడి తోటలు పడిపోయిన మర్నాడు, రేకులు ఎగిరిపోయిన వంటింట్లోనే గుండిగతో గంజి కాచి వీధందరికీ పోశారు. మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు చాలామందికి ఉంది, మా నాన్నకి అప్పటికే డయాలసిస్. దారి పొడుగునా చెట్లే. ఇద్దరు కుర్రాళ్లని గొడ్డళ్లిచ్చి ముందు నడిపించి, నాన్నని సైకిలు మీద కూర్చోబెట్టి మెయిన్‌రోడ్డు దాకా తోయించారు. తోవలో ఆవిడ పెదాలు కదులుతూనే ఉన్నాయి, ప్రార్థన కాబోలు.

ఒక్కరినీ మతం మారమనలేదు. (మా పెదనాన్నకి ఆ అనుమానం చాన్నాళ్లు ఉండేది లెండి.) ఇప్పుడు డయాలసిస్‌కి వెళ్లేవాళ్ల ఆటో ఖర్చుకి వీధంతా నెలకింత వేసుకుంటున్నాం. ఆ చీటీ పుస్తకం రాసేది పెదనాన్నే.