దున్నని భూమికి సర్కారు కౌలు

అమెరికాలోని కొలరాడో రాష్ట్రానికి ఆగ్నేయ మూలన ఉన్న బాకా కౌంటీ (మన జిల్లా లాంటిది) 1930ల నాటి దుమ్ము తుపానులకు తీవ్రంగా దెబ్బతిన్న ప్రాంతాల్లో ఒకటి. గోధుమ, జొన్న పండించే ఈ మెట్ట నేలల్లో పచ్చికను దున్నేస్తే ఈదురు గాలికి మట్టి నిలవదు. 1985 ఆహార భద్రత చట్టంతో మొదలైన కన్జర్వేషన్ రిజర్వ్ ప్రోగ్రామ్, క్లుప్తంగా సీఆర్‌పీ, సరిగ్గా ఇలాంటి భూముల కోసం ఉద్దేశించినదే. రైతు 10 నుంచి 15 ఏళ్ల పాటు సాగు మాని గడ్డి పెంచితే, ప్రభుత్వం ఏటా ఎకరాల లెక్కన కౌలు చెల్లించడమే కాక, గడ్డి వేసేందుకయ్యే ఖర్చులో సగం వరకు భరిస్తుంది.

పని చేయనందుకు డబ్బులిస్తున్నారన్న విమర్శలో పస లేదు. మట్టి కొట్టుకుపోకుండా ఆపడం ప్రజాధనం వెచ్చించదగిన పనే. చిక్కల్లా ఆ రక్షణ ఒప్పందం ఉన్నన్నాళ్లే నిలవడంలో ఉంది. 2007లో ఈ పథకం కింద 3.68 కోట్ల ఎకరాలుండేవి. ఇథనాల్ గిరాకీతో మొక్కజొన్న ధర ఎగబాకడం, 2014లో అమెరికా చట్టసభ కాంగ్రెస్ గరిష్ఠ విస్తీర్ణాన్ని 2.4 కోట్ల ఎకరాలకు కుదించడం తోడై, 2021 నాటికి అది 2.1 కోట్ల లోపుకు పడిపోయింది. పదేళ్లు కౌలిచ్చి పెంచిన గడ్డిని నాగలి ఒక్క సీజన్‌లో తిరగేయగలదు.

భూమి పడావు పడితే విత్తనాలు, ఎరువులు అమ్మే దుకాణానికీ, ధాన్యం కొనే గోదాముకూ బేరం తగ్గుతుంది. సుమారు మూడున్నర వేల జనాభా ఉన్న కౌంటీలో ఇది చిన్న విషయం కాదు. సాధారణంగా ఒక కౌంటీ సాగుభూమిలో 25 శాతానికి మించి చేర్చకూడదన్న నిబంధన ఈ భయంతో పెట్టిందే. పైగా డబ్బు ప్రధానంగా చేరేది భూయజమానికి. ఆయన ఆ కౌంటీలోనే ఉండాలన్న నియమం లేదు. తెలంగాణలో 2018లో వచ్చిన రైతుబంధు పట్టాదారుకు చేరి కౌలురైతును వదిలేసిన తీరు తెలిసిన మనకు ఈ తకరారు కొత్తది కాదు.

అందుకే, సీఆర్‌పీ సాధారణ నమోదులో చెల్లింపును కౌంటీ సగటు కౌలులో 85 శాతానికి పరిమితం చేసిన 2018 నాటి అమెరికా వ్యవసాయ చట్టాన్ని నేను తప్పుపట్టను. సర్కారే ఎక్కువ కౌలిస్తానని పోటీకి దిగితే, కొత్తగా సేద్యం మొదలుపెట్టే యువకుడికి భూమి ఎక్కడ దొరుకుతుంది? అదే చట్టం, పశువులు మేపుకుంటూనే గడ్డిని కాపాడే సీఆర్‌పీలోని ‘గ్రాస్‌ల్యాండ్’ విభాగానికి కనీసం 20 లక్షల ఎకరాల లక్ష్యం పెట్టింది. నా దృష్టిలో బాకా వంటి చోట్లకు సరిపోయేది ఈ మార్గమే: నేల కప్పు చెదరదు, పశువుల మీద బతికేవాళ్లూ ఊళ్లోనే ఉంటారు.

అయితే గడువు తీరిన పొలంలో చాలాచోట్ల కంచె ఉండదు, పశువులకు నీటి తొట్టి ఉండదు. ఆ రెండూ సొంత ఖర్చుతో పెట్టుకోవడం కన్నా దున్నేసి గోధుమ చల్లడమే యజమానికి చవక. కంచెకూ నీటికీ సాయం చేసే ఈక్విప్ అనే మరో పథకం 1996 నుంచే ఉంది. కానీ దానికి వేరే దరఖాస్తు, వేరే వరుస. ఒప్పందం ముగియడానికి ఏడాది ముందే ఆ సాయాన్ని ఖాయం చేసి, గడ్డిని నిలుపుతామన్న వారికి వరుసలో తొలి స్థానం ఇవ్వడానికి కొత్త పథకమేమీ అక్కర్లేదు.