పదును చూడని యూరియా

2025 ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో తెలుగు రాష్ట్రాల రైతులు యూరియా కోసం తెల్లవారుజామునే సొసైటీల ముందు బారులు తీరారు. నిలబడలేనివాళ్లు చెప్పులూ పాసుపుస్తకాలూ వరుసలో పెట్టి చెట్టు నీడన కూర్చున్నారు. తప్పు మీదంటే మీదని కేంద్రం, రాష్ట్రం వాదులాడుకున్నాయి. ఆ వాదనలో ఎవరూ ఎత్తని మాట ఒకటుంది. అదే వరుసలో కాలువ కింద వరి రైతు ఉన్నాడు, బోరు కింద మొక్కజొన్న వేసిన రైతు ఉన్నాడు, వాన తప్ప దిక్కులేని జొన్న, సజ్జ చేలవాడూ ఉన్నాడు. మొదటి ఇద్దరికీ బస్తా నాలుగు రోజులు ఆలస్యమైనా నీళ్లు పెట్టుకుని వేసుకునే వీలుంది. మెట్ట రైతుకు అది లేదు. బస్తా దొరికిన రోజు చేలో పదును, అంటే ఎరువు పట్టేంత తేమ, ఉండాలి, లేదా పదును ఉన్న రోజు బస్తా దొరకాలి. దొరికింది కదా అని పొడి నేల మీద చల్లి, ఆకాశం వంక చూస్తూ కూర్చున్నవాళ్లు ఎందరో.

అలా చల్లిన యూరియా ఏమవుతుంది? అందులో నత్రజని 46 శాతం. రాత్రి మంచు తేమకు కరిగి, అమ్మోనియాగా మారి, కొంత గాల్లో కలుస్తుంది. వారం తర్వాత ఒక్క పెట్టున కుండపోత పడితే మిగిలినదాంట్లో కొంత వరద వెంట వాగులో చేరుతుంది. 45 కిలోల బస్తాకు రైతు ఇచ్చేది 266 రూపాయల 50 పైసలు. అంత చవగ్గా వస్తుంటే ఇంకో నాలుగు గుప్పెళ్లు వేస్తే పోయేదేముందని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ పోయేది ఉంది. మెట్ట చేలో తొలకరికే నత్రజని దండిగా పడితే పైరు నల్లగా, ఏపుగా లేస్తుంది. దారిన పోయేవాళ్లు ఆగి చూసి మెచ్చుకుంటారు. ఆ ఆకులన్నీ నీళ్లు తాగేవే. పైరు పొట్టకొచ్చే సరికి నేలలో తేమ నిండుకుంటుంది. సుంకు దశలో, అంటే పూతకొచ్చినప్పుడు, బెట్ట (వాన లేని ఎండ) తగిలిందా, కంకి ఉంటుంది, గింజ ఉండదు. చొప్ప పశువులకు పనికొస్తుంది, అంతవరకే.

అలాగని ఎరువే వద్దనడం లేదు. ఆ మాట చెప్పడం ఈ మధ్య కొందరికి ఫ్యాషనైంది. పోషకాలు అందని మొక్క వేరు లోతుకు దిగదు, రెండడుగుల కింద తేమ ఉన్నా అందుకోలేదు. విత్తేటప్పుడే గొర్రుతో గింజకు కాస్త కింద, పక్కగా కొద్దిగా భాస్వరం పడితే వేరు కిందికి దారి చూసుకుంటుంది. అంటే తక్కువ ఎరువు వేసిన చేను కూడా వాన నీటిని వృథా చేస్తున్నట్టే. ఎంత వేయాలన్నది మాత్రం ఆ ఏడు నేలలోకి ఎంత నీరు ఇంకిందో దాన్ని బట్టి తేలాలి, గోదాములో ఎన్ని బస్తాలున్నాయో చూసి కాదు.

ఇక ఆ నీటి లెక్క. ఎకరం నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడిందంటే నాలుగు వేల లీటర్లు. 30 మిల్లీమీటర్ల వాన అంటే లక్షా ఇరవై వేల లీటర్లు, మన ఊళ్లలో తిరిగే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు 24. కరవుకు మారుపేరైన అనంతపురంలో ఏడాది సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఆ లెక్కన ఎకరానికి 440 ట్యాంకర్ల నీళ్లు ఏటా చేతికొస్తున్నాయి. వచ్చే తీరే సరిగా లేదు. జూన్, జూలైలలో చినుకులు, నడుమ మూడు వారాల బెట్ట, సెప్టెంబర్‌లో కుంభవృష్టి. అక్కడి ఎర్ర నేల పైపొర రెండు వానలకే అట్టకడుతుంది. ఆ తర్వాత పడిన నీరు ఇంకకుండా జారిపోతుంది. పోతూ పోతూ మెత్తటి పైమట్టినీ, ఆ మట్టిలో రైతు కొనివేసిన ఎరువునూ పట్టుకుపోతుంది. 2016 ఆగస్టులో వేరుశనగ ఎండిపోతుంటే ఆ జిల్లాకు నీళ్లను వానలా చిమ్మే రెయిన్‌గన్లు తరలించారు. పైరు వాడాక పైపులు పరచడం ఎంత ఖర్చో, ఎంత ఆయాసమో అప్పుడు అందరూ చూశారు. వాలుకు అడ్డంగా దున్ని, కొన్ని వరుసలకొక గొడ్డుచాలు (విత్తనం వేయని లోతు చాలు) తీసి, పైపొర అట్ట పగిలేలా దంతి (పైపైన దున్నే పనిముట్టు) తోలితే కొంత నీరు పడినచోటే ఇంకుతుంది. దీనికి కొత్త విజ్ఞానమేమీ అక్కర్లేదు. ఎద్దుల జత ఉన్న రోజుల్లో చేసిన పనే. ఎద్దులు పోయి, అద్దె ట్రాక్టరు గంటల లెక్కన వచ్చాక డ్రైవరు తనకు వీలైన వైపు, అంటే పొడవునా, వాలు వెంటే దున్నేసి పోతున్నాడు. ఆ సాళ్లే నీళ్లకు కాలువలవుతున్నాయి.

నల్లరేగడి కథ వేరు. కర్నూలు, నంద్యాల, తాండూరు, జహీరాబాద్ వైపు రబీ జొన్న పూర్తిగా నేలలో దాచుకున్న తేమ మీదే పండుతుంది. విత్తాక వాన పడకపోయినా పండుతుంది. అక్కడ పైరు పెరిగేకొద్దీ పైపొర ఎండి, తేమ లోతుకు పోతుంది, వేరూ దాని వెంటే దిగుతుంది. అప్పుడు పైన చల్లిన యూరియా పైనే, వేరు కిందే. కాబట్టి వానాధారపు రబీ జొన్నకు వేయదలచినదంతా విత్తేటప్పుడే లోపల పడాలి. ఈ చిన్న సంగతి కూడా చాలా ఊళ్లకు చేరలేదంటే, ఏటా సలహాల కరపత్రం అచ్చువేసే వ్యవసాయ శాఖ జవాబు చెప్పుకోవాలి.

ఎరువునూ నీటినీ ఒకే పనిగా చూస్తే ఏమవుతుందో చూపించే ప్రయోగం మన ముంగిట్లోనే ఉంది. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో నల్లరేగడి మీద 1976 నుంచి దశాబ్దాల పాటు రెండు పద్ధతులను పక్కపక్కన సాగుచేసి చూశారు. ఒకవైపు పాతపద్ధతి: వానాకాలం బీడు, రబీలో జొన్న లేదా శనగ. ఇంకోవైపు నీరు నిలవకుండా, జారిపోకుండా వెడల్పాటి మడులు, చాళ్లు తీసి, తగిన ఎరువు వేసి, జొన్నలో కందులు కలిపి వేయడం లాంటి పంటల వరస. మొదటిదాంట్లో సగటు దిగుబడి హెక్టారుకు 1.1 టన్నులు, రెండోదాంట్లో 5.1 టన్నులు. మన లెక్కలో ఎకరానికి నాలుగున్నర క్వింటాళ్లు ఎక్కడ, ఇరవై క్వింటాళ్లు ఎక్కడ! పటాన్‌చెరు వాన అనంతపురం కంటే ఎక్కువే, నేలా బలమైనది. ఆ అంకెను ఎత్తుకెళ్లి అనంతపురం వైపు మడకశిరలో దింపలేం. దారి మాత్రం అదే. శంకర్‌పల్లి దగ్గరి కొత్తపల్లిలో 1999లో మొదలైన ఆదర్శ వాటర్‌షెడ్ (ఊరి మీద పడిన వాన నీటిని అక్కడే ఆపి వాడుకునే పథకం) దాన్ని రైతుల చేలలోకి తెచ్చింది. చూసిపోవడానికి దేశ విదేశాల నుంచి జనం వచ్చారు. పక్క మండలాలకు ఎందుకు పాకలేదన్నదే మా ప్రశ్న.

జవాబు డబ్బు వెళ్లే దారిలో దొరుకుతుంది. ఎరువుల రాయితీకి కేంద్రం ఇటీవల ఏటా లక్షన్నర కోట్ల రూపాయలకు పైనే ఖర్చుపెడుతోంది. ప్రధానమంత్రి కృషి సించాయీ యోజనలోని వాటర్‌షెడ్ విభాగానికి 2021-26 మధ్య, అంటే ఐదేళ్లకు కలిపి, కేంద్రం వాటాగా అనుకున్నది 8,134 కోట్లు. 2010లో పోషకాధారిత రాయితీ, అంటే ఎరువులోని పోషకాన్ని బట్టి ఇచ్చే రాయితీ, తెచ్చినప్పుడు యూరియాను దాని బయట ఉంచారు. అప్పటి నుంచి భాస్వరం, పొటాష్ ధరలు పెరిగాయి, యూరియా దాదాపు ఉన్నచోటే ఉంది. రైతు చెయ్యి చౌక బస్తా మీదికే పోతుంది, అందులో అతని తప్పేముంది? మన చేలలో గంధకం, జింకు, బోరాన్ కొరత ఉందని పరీక్షలు చెబుతున్నా, వాటికోసం క్యూ కట్టినవాళ్లను మేం చూడలేదు. వాటర్‌షెడ్లకు దేశానికంతటికీ మార్గదర్శకాలు రాసిన కమిటీకి 1994లో నాయకత్వం వహించింది తెలుగువాడైన ఆర్థికవేత్త సి.హెచ్. హనుమంతరావు. ఆయన పుట్టిన గడ్డ మీదే ఇప్పుడు గట్టు పనికి నిధుల్లేవంటున్నారు.

2015లో వచ్చిన భూసార కార్డు మంచిదే. కానీ అందులో వాన ఊసు లేదు. పంటకు ఇన్ని కిలోలు అని ఒకే అంకె ఉంటుంది, ఏడు మంచిదైనా చెడ్డదైనా. మెట్ట మండలాలకిచ్చే కార్డులో రెండు గడులు ఉండాలని మేం కోరుతున్నాం: విత్తేటప్పుడు వేయాల్సింది ఒకటి, తర్వాత పదునైతేనే వేయాల్సింది ఇంకొకటి. పదును కాకపోతే రెండో దఫా మానేయమని అధికారే నోరు తెరిచి చెప్పాలి. మండలాల్లో ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలున్నాయి, వాన ఎంత పడిందో సాయంత్రానికి తెలుస్తుంది. ఆ అంకె రైతు ఫోన్‌కు ‘ఈ వారం యూరియా వేయొచ్చు’, ‘ఆగండి’ అనే రెండు ముక్కలుగా చేరడానికి అడ్డమేమిటి? ఆఫ్రికాలో ఇదే ఇక్రిశాట్ సోడా సీసా మూతతో కొలిచి మొదలుకు చిటికెడు చొప్పున ఎరువు వేయించింది. మన దగ్గర ఎకరాల కొద్దీ అలా వేయడానికి కూలీలు దొరకరు కానీ, గొర్రుకు ఎరువు జడ్డిగం (గొట్టాల్లోకి ఎరువు పోసే గిన్నె) బిగించి సన్నగా వదలడం అసాధ్యం కాదు.

చెరువు మట్టి సంగతి సరేసరి. మిషన్ కాకతీయ రోజుల్లో పూడిక తోలుకున్న ఎర్ర చేలలో తేమ ఇంకో నాలుగు రోజులు నిలిచిందని రైతులే చెబుతారు. రాయలసీమలో గొర్రెల మందను చేలో నిలిపించుకుని కాపరికి ధాన్యమో డబ్బో ఇచ్చే అలవాటు ఇంకా కొన్నిచోట్ల ఉంది. ఈ రెండూ ఎరువే, రెండూ నీళ్లను పట్టి ఉంచేవే. ఎరువు బస్తాకు దొరికే రాయితీ వీటికి లేదు.

ఒక చిక్కుముడి మిగిలే ఉంది. గట్టు వేయడం, కుంట తవ్వడం, మట్టి తోలడం మూడు నాలుగేళ్లకు ఫలితమిచ్చే పనులు. మెట్టలో సాగు చేస్తున్నవారిలో చాలామంది ఏడాది కౌలు మీద, నోటిమాట మీద ఉన్నారు. వచ్చే ఏడు ఎవరి చేతిలో ఉంటుందో తెలియని చేలో గట్టు ఎవరు వేస్తారు? ఉపాధి హామీ కింద ఆ పని చేయించడానికి పట్టాదారు సంతకం కావాలి, ఆయన హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉంటాడు. సాగుదారుడి దరఖాస్తు, గ్రామసభ ఆమోదం ఉంటే చాలని రెండు రాష్ట్రాలూ ఉత్తర్వులిస్తే, రోహిణి కార్తె లోపే కొన్ని వేల ఎకరాల్లో గట్ల పని మొదలుపెట్టవచ్చు.