కొత్తవాడ పిల్లకు ఏ అట్ట?

హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక డీటీపీ షాపు. పెళ్లిపత్రికలు, ఫ్లెక్సీలు, ఎప్పుడో ఒక పుస్తకం. ఈసారి వచ్చింది రిటైరైన సోషల్ టీచర్ రాసిన నవల, 'కొత్తవాడ పిల్ల'. వరంగల్ కొత్తవాడలో దర్రీలు (నూలు తివాచీలు) నేసే ఇంట్లో పుట్టిన పదహారేళ్ల అమ్మాయి ఇంటర్‌లో చేరి హాస్టల్‌కు వెళ్తుంది. ఆ వయసు పిల్లల కోసమే రాశారు. 160 పేజీలు, డెమ్మీ సైజు, 500 కాపీలు. డిజైనర్ ఒకప్పుడు ఆమె దగ్గర చదువుకున్నవాడే. ప్రూఫులు దిద్దేది నేను కాబట్టి ఇద్దరి మధ్య ప్లాస్టిక్ కుర్చీలో ఇరుక్కున్నాను.

టీచర్: అట్ట మీద ఎవరీ అమ్మాయి?

డిజైనర్: మన హీరోయిన్, మేడమ్.

టీచర్: మన హీరోయిన్ నల్లగా ఉంటుంది. మొదటి పేజీలోనే రాశాను. నూలుకు రంగు అద్ది అద్ది గోళ్ల సందుల్లో నీలం దిగి ఉంటుంది. ఈ పిల్ల సబ్బు ప్రకటనలోంచి లేచి వచ్చినట్టుంది.

డిజైనర్: ఫోటోలు అమ్మే సైట్లలో వెతికితే ఇట్లాంటి ముఖాలే వస్తాయి. కొత్తవాడలో ఎవరి పిల్లనైనా ఫోటో తీద్దామంటే వాళ్ల నాన్న నన్ను మగ్గానికి కట్టేస్తాడు.

టీచర్: అమెరికాలో 2009లో ఇదే జరిగింది. జస్టిన్ లార్బలెస్టియర్ 'లయర్' అని టీనేజ్ నవల రాసింది. కథ చెప్పేది నల్లజాతి అమ్మాయి. ప్రచురణకర్తలు అట్ట మీద తెల్లమ్మాయి ముఖం వేశారు. నల్ల ముఖం ఉంటే అమ్ముడుపోదనే మాట ఏళ్లుగా వింటున్నానని రచయిత్రే బయటపెట్టింది. పాఠకులు గొడవ చేశారు, అట్ట మార్చారు. నాకోసం గొడవ చేయడానికి 500 మంది కూడా లేరు, కాబట్టి నేనే చేస్తున్నా.

డిజైనర్: సరే, ముఖం తీసేస్తా. కానీ అట్ట అంటే బస్సు బోర్డు, మేడమ్. ఎటు పోతుందో దూరం నుంచే తెలియాలి. 2005లో 'ట్విలైట్' అనే టీనేజ్ ప్రేమ నవల వచ్చింది. నల్ల అట్ట, రెండు తెల్లని చేతులు, వాటిలో ఎర్ర ఆపిల్. తర్వాత టీనేజ్ పుస్తకాల ర్యాకులే నల్లబడ్డాయి. 1847 నాటి 'వుదరింగ్ హైట్స్'ని కూడా నల్ల అట్ట, ఎర్ర పువ్వుతో మళ్లీ వేశారు.

టీచర్: పాపం, అది రాసిన ఎమిలీ బ్రాంటీని అడిగారా?

డిజైనర్: అడగలేదు. కానీ పిల్లలు తమంతట తాము కొనుక్కుని ఒక క్లాసిక్ చదివారు. మనం పరీక్షలో 15 మార్కులు పెట్టి కూడా చదివించలేకపోయాం.

(ఈ దెబ్బ కాస్త గట్టిగానే తగిలింది. ఆమె చాయ్ కప్పు వైపు చూశారు.)

టీచర్: బోర్డు సంగతి నువ్వే ఎత్తావు కదా. ములుగు బోర్డు పెట్టి నర్సంపేట తీసుకుపోతే ప్రయాణికులు ఊరుకుంటారా? నీ అట్ట చూసి ప్రేమకథ అనుకుని కొంటారు. లోపల అరవై పేజీల దాకా మగ్గం, అప్పు, హాస్టల్ పప్పు. మగ్గమే పెట్టు అట్ట మీద.

డిజైనర్: మగ్గం పెడితే చేనేత సహకార సంఘం వార్షిక నివేదిక అంటారు. పక్కన ఒక గ్రాఫ్ పెడితే పీహెచ్‌డీ అయిపోతుంది.

టీచర్: అయితే చేర్యాల బొమ్మ. ఎర్రటి నేల, మన ప్రాంతం అని చూడగానే తెలుస్తుంది.

డిజైనర్: హోటల్ గోడ, టేబుల్ క్యాలెండర్, పెళ్లిపత్రిక, అన్నిటి మీదా అదే. నిన్న కూడా ఒక పత్రికకు నేనే వేశాను. పదహారేళ్ల పిల్లకు అది పెద్దవాళ్ల ఫంక్షన్‌లాగా కనిపిస్తుంది.

టీచర్: ఆ బొమ్మలు వేసే నకాషీలు ఫంక్షన్ల కోసం గీయలేదు నాయనా. పటం విప్పుతూ కథ చెప్పేవాళ్ల కోసం గీశారు.

డిజైనర్: నేనూ అదే అంటున్నా. ఏ కులపురాణం చెప్పేవాళ్లు వస్తే ఆ పురాణమే గీశారు. వెనక ఎరుపు తప్పలేదు, దేవుడు ఎట్లా ఉండాలో వినేవాళ్లకు ముందే తెలుసు. అది మార్కెట్ కాదా?

(నిజం చెప్పాలంటే ఇక్కడిదాకా నేను మేడమ్ పక్షం. ఈ మాటతో కుర్చీ కాస్త అటు జరిపాను.)

టీచర్: ఆ మార్కెట్‌లో వినేవాడే ఇచ్చుకునేవాడు. ఇక్కడ చదివేది పిల్ల, డబ్బులిచ్చేది వాళ్లమ్మ.

డిజైనర్: అసలు చిక్కు అదే. బుక్ ఎగ్జిబిషన్‌లో చూశాను. పిల్ల ముందు అట్ట చూసి తీస్తుంది, వాళ్లమ్మ వెనక్కి తిప్పి చదువుతుంది. ముందు అబ్బాయి, అమ్మాయి బొమ్మ ఉంటే అమ్మ మళ్లీ స్టాల్‌లో పెట్టేస్తుంది. బొమ్మే లేకపోతే పిల్ల తీయదు. అందుకే ముందు జుట్టు ఎగరేసే అమ్మాయి, వెనక నాలుగు మంచి మాటలు.

టీచర్: అంటే ఇద్దరినీ మోసం చేయడం.

డిజైనర్: ఇద్దరికీ ధైర్యం చెప్పడం. 1998లో ఇంగ్లండ్‌లో 'హ్యారీ పాటర్' మొదటి పుస్తకానికి పెద్దవాళ్ల కోసం వేరే అట్ట వేశారు. రైలింజన్ ఫోటో, నలుపు తెలుపు. లోపల అక్షరం మారలేదు. నలుగురిలో పిల్లల పుస్తకం పట్టుకోవడానికి మొహమాటపడేవాళ్లు తీసి చదివారు. నేను అద్దె షాపులో డిటెక్టివ్ నవలలు తెచ్చి బ్రౌన్ పేపర్ అట్ట వేసుకునేవాడిని. మీ పీరియడ్‌లోనే చదివా.

టీచర్: తెలుసు. లేబుల్ కూడా ఎంత నీటుగా అంటించావో! సోషల్ పుస్తకానికి ఏనాడూ అట్ట వేయనివాడివి.

(కంప్యూటర్ దగ్గర కూర్చున్న కుర్రాడు కూడా నవ్వాడు. తర్వాత ఐదు నిమిషాలు అద్దె షాపు ముచ్చట్లు. అవి వదిలేస్తున్నా.)

నేను నోరు తెరిచింది ఒక్కసారే, పేరు గురించి. రెండు వరసల్లో వేశాడు. పైన 'కొత్తవాడ', కింద 'పిల్ల'. పైవరస త వత్తు దిగి వచ్చి కింద పి గుడి మీద కూర్చుంది. ఇంగ్లీషు క్యాపిటల్ అక్షరాలకు ఈ బాధ లేదు, వరసలు దగ్గరికి జరుపుకోవచ్చు. మనం వత్తుకు చోటు వదలాలి. వదిలితే పేరు రెండు ముక్కలై వేర్వేరు పుస్తకాల్లా కనిపిస్తుంది. ఫోన్‌లో బొటనవేలి గోరంత చేసి చూస్తే వత్తు మాయమై 'కొతవాడ' అయింది.

డిజైనర్: అక్షరాలు సన్నం చేసి ఒకే వరసలో వేస్తే?

టీచర్: ముసలిదానిని, నాకే కనిపించవు.

డిజైనర్: మీకోసమా, పిల్లల కోసమా?

టీచర్: రాసింది నేను, కాస్త నాకోసం కూడా.

అతను ఫోటో తీసేశాడు. దర్రీ చారలను అట్ట నిండా అడ్డంగా పరిచాడు, నీలం, ఎరుపు, పసుపు. ఒక చార వెడల్పు చేసి అందులో పేరంతా ఒకే వరసలో ఇమిడ్చాడు. కింది మూల నుంచి ఒక చెయ్యి, గోళ్లలో నీలం, చార అంచు పోగును పట్టుకుని లాగుతున్నట్టు.

టీచర్: మళ్లీ చెయ్యేనా? నీ ఆపిల్ వాసన పోలేదు.

డిజైనర్: ఒక్కటే చెయ్యి, మేడమ్. ఆపిల్ లేదు.

ఆమె కళ్లద్దాలు తీసి ఫోన్‌ను బారెడు దూరం పట్టుకున్నారు.

టీచర్: పేరు చదవగలుగుతున్నా. ప్రేమకథ అనుకుంటారా?

డిజైనర్: కొందరు అనుకుంటారు. అనుకోనివ్వండి.

టీచర్: ఊఁ. ఆ పసుపు తగ్గించు.

పసుపు మీద ఇంకో అరగంట నడిచింది. వెనకట్ట మీద ధర వేయడం ఇద్దరూ మరిచిపోయారు. పెన్సిల్‌తో సున్నా చుట్టి లేచాను.