ఇసుక వేస్తే రాలని చోట

ఒడిశాలోని మన బరంపురంలో అమ్మవారికి జరిపే ఠాకురాణి యాత్ర గురించో, పర్లాకిమిడి రథయాత్ర గురించో వార్త రాయవలసి వచ్చినప్పుడు మా పత్రికలో అలవాటుగా దొర్లే మాట ఒకటుంది: ఇసుక వేస్తే రాలనంత జనం. ఉత్సవం ఘనంగా జరిగిందని చెప్పడానికి ఇంతకన్నా తేలికైన మాట దొరకదు కనుక మేమూ దాన్ని ఎన్నోసార్లు అచ్చువేశాం. నిజంగానే ఇసుక నేల మీద పడనంత దగ్గరగా మనుషులు నిలబడి ఉంటే, ఆ నడుమ చిక్కుకున్న పొట్టి మనిషికో, పిల్లను చంకనెత్తుకున్న తల్లికో ఊపిరి నిండా పీల్చుకునే జాగా ఉండదన్న సంగతి ఆ మాట రాసే చేతికి తోచదు. ప్రాణాలు పోయిన మర్నాడు ఇంకో మాట వస్తుంది: తొక్కిసలాట. మొదటి మాట జనాన్ని మెచ్చుకుంటుంది, రెండో మాట అదే జనం కాళ్ల మీద నేరం మోపుతుంది. దారి ఎంత వెడల్పు, అందులోకి ఎందరిని వదిలారు అన్న ప్రశ్న ఈ రెండు మాటల్లోనూ లేదు.

ఇలాంటి దుర్ఘటనల్లో చనిపోయినవారిలో చాలామంది కాళ్ల కింద పడి నలిగినవారు కారు. నిలబడిన చోటే, ముందూ వెనుకా ఒత్తిడికి ఛాతీ కదలక, ఊపిరాడక పోయినవారు. ఒక చదరపు మీటరు జాగాలో ఇద్దరు ముగ్గురు ఉన్నంతసేపు ఎవరి నడక వారిది. నలుగురైతే భుజాలు తగులుతాయి, అడుగు చిన్నదవుతుంది. ఆరేడుగురికి చేరేసరికి ఎవరి కాలు ఎటు పోవాలో ఎవరి చేతిలోనూ ఉండదు. వెనుక పడిన ఒక్క తోపు అలలా ముందుకు పాకి, ఇనుప రెయిలింగును కూడా వంచగలదు. వెనుకవారికి ముందేం జరుగుతోందో కనబడదు, ముందువారి కేక వెనక్కి వినబడదు. వారిని క్రమశిక్షణ లేనివారని తిట్టడం, కొట్టుకుపోతున్నవాణ్ని సరిగా నిలబడలేదేమని మందలించడంతో సమానం.

2025 నవంబరు 1న, కార్తీక ఏకాదశి శనివారం నాడు, మనకు కూతవేటు దూరంలోని శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గ వేంకటేశ్వరస్వామి ఆలయంలో జరిగింది ఇదే. తొమ్మిది మంది చనిపోయారు, వారిలో అత్యధికులు మహిళలు. అది దేవాదాయ శాఖ పరిధిలో లేని ప్రైవేటు ఆలయం. లోపలికి వెళ్లేవారికీ బయటికి వచ్చేవారికీ విడివిడిగా దారులు లేవు. మెట్ల దగ్గర రద్దీ బిగిసింది, రెయిలింగు ఊడిపడింది. కార్తీకంలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ నుంచి అరసవల్లికీ, శ్రీముఖలింగానికీ, పలాస దిక్కుకూ పొద్దున్నే బయలుదేరే కుటుంబాలు మన వీధి వీధిలోనూ ఉన్నాయి కాబట్టి, ఆ రోజు మధ్యాహ్నం నుంచి మన ఇళ్లలోనూ ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. అంతకు నాలుగు నెలల ముందు, జూన్ 29 తెల్లవారుజామున, పూరీ జగన్నాథ రథయాత్రలో గుండిచా మందిరం ఎదుట ముగ్గురు మరణించారు. అక్కడ ఏర్పాట్లన్నీ ప్రభుత్వానివే, వందల ఏళ్ల అనుభవం ఉన్న ఉత్సవమూ అదే. కనుక ప్రైవేటు ఆలయం కావడం వల్లనే ఇలా జరిగిందని ఒకరు, జనం ఎగబడ్డారని మరొకరు చెప్పి తప్పుకోవడానికి వీల్లేదు.

కావలసింది ముందుగా దారి వెడల్పు కొలిచే ఒక టేపు. చదునుగా ఉన్న దారిలో జనం సాఫీగా సాగితే మీటరు వెడల్పుకు నిమిషానికి సుమారు 80 మంది దాటగలరు, మెట్ల మీద 65 మంది దాకా. ఇది స్టేడియాల కోసం ఏళ్ల తరబడి వాడుతున్న లెక్క. దీన్ని మన ఊరికి తెచ్చి చూద్దాం. బరంపురం పాత ఊరి సందుల్లో నాలుగు మీటర్ల వెడల్పున్న ఒకదాన్ని తీసుకుంటే, యాత్ర రోజుల్లో అటొక గాజుల బండి, ఇటొక మిక్స్చరు బండి చెరొక మీటరు మింగేస్తాయి. మిగిలిన రెండు మీటర్లలో అందరూ ఒకే దిక్కుకు నడిస్తే గంటకు 9,600 మంది దాటతారు. ఎదురు నడక మొదలైతే అందులో సగం కూడా కష్టం. రాత్రి తొమ్మిది దాటాక గంటలో 30 వేల మంది అటు మళ్లారంటే, 20 వేల మందికి పైగా ఆ సందు మొగలోనే పేరుకుపోతారు. దీనికి డ్రోన్లూ, కృత్రిమ మేధా అక్కర్లేదు. బండ్లను సందులోంచి తీసి మైదానంలోకి మారిస్తే దారి రెట్టింపవుతుంది. ఆ పని చేయడానికి మునిసిపాలిటీకి మొహమాటం అడ్డొస్తుంది, పండగపూట నాలుగు రూపాయలు చూసే బండివాళ్ల కడుపు కొట్టినట్లవుతుందన్న జంకు అడ్డొస్తుంది. జంకు న్యాయమైనదే, అందుకే ప్రత్యామ్నాయ స్థలం ముందే చూపాలి.

చెప్పుల సంగతి కూడా చెప్పుకోవాలి, నవ్వులాటగా తోచినా. దేవాలయాల దగ్గర చెప్పుల స్టాండు ఎప్పుడూ లోపలికి వెళ్లే ద్వారం పక్కనే ఉంటుంది. దర్శనం చేసుకుని వెనుక ద్వారం నుంచి బయటపడిన మనిషి వట్టి కాళ్లతో, చేతిలో ప్రసాదం పొట్లంతో, గుడి చుట్టూ తిరిగి మళ్లీ ఆ ముందు గుంపులోకే వచ్చి చేరతాడు, ఎందుకంటే అతని చెప్పులు అక్కడున్నాయి. ఎంతో శ్రమపడి వేరు చేసిన రెండు దారులు ఆ చెప్పుల దగ్గర కలిసిపోతాయి. తడి మెట్ల మాట కూడా అంతే. 2005 జనవరిలో మహారాష్ట్ర సతారా జిల్లా మాంఢరదేవి కొండ మీద 290 మందికి పైగా మరణించిన నాడు, కొబ్బరికాయలు కొట్టిన నీళ్లతో మెట్లు జారుడుగా మారడం కారణాల్లో ఒకటిగా తేలింది. కాయలు కొట్టే బండను మెట్లకు దూరంగా జరపడానికి ఏ బడ్జెటూ అవసరం లేదు.

సరిహద్దు ప్రాంతం కావడం వల్ల మనకు ఇంకొక చిక్కుంది. పూరీలో మైకు ఒడియాలో మాట్లాడుతుంది, శ్రీకాకుళం ఆలయాల్లో తెలుగులో మాట్లాడుతుంది. 'వెనక్కి తగ్గండి, ముందు దారి మూసేశాం' అన్న ఒక్క ముక్క అర్థం కాని వంద మంది చాలు, మిగతా వెయ్యి మంది సహనం పనికిరాకుండా పోవడానికి. శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కేవారు రెండు రాష్ట్రాల నుంచీ వస్తారు. గజపతి జిల్లా అధికారులకు అటు మందస వైపు నుంచి ఎంతమంది బయలుదేరారో కొండ కిందే తెలియాలి, పైకి వచ్చాక తెలిసి లాభం లేదు. గంజాం, గజపతి, రాయగడ, శ్రీకాకుళం కలెక్టర్లు తుపానులప్పుడు ఒకరికొకరు కబురు పెట్టుకుంటారు. కార్తీక శనివారాలకూ, పుష్కరాలకూ అదే కబురు నడవాలి. 2015 జూలై 14న రాజమహేంద్రవరంలో 27 మందిని బలిగొన్న గోదావరి పుష్కరాలు 2027లో మళ్లీ వస్తున్నాయి, రాయగడ, కొరాపుట్ రైళ్లు ఆ రోజుల్లో ఎలా నిండుతాయో ఊహించడం కష్టం కాదు. ఫలానా ఘడియలో మునిగితేనే పుణ్యమని మొదటి పేజీలో అచ్చువేసే అలవాటును పత్రికలు ఈసారికైనా మానుకోవాలి. ఇందులో మా పత్రికకు మినహాయింపేమీ లేదు.

ప్రమాదం తర్వాత జరిగే తంతు అందరికీ కంఠతా వచ్చు: నష్టపరిహారం, విచారణ, ఇద్దరు ముగ్గురు అధికారుల బదిలీ. పూరీ తర్వాత కలెక్టరునూ ఎస్పీనీ మార్చారు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ జనసమూహాల నిర్వహణపై 2014లోనే మార్గదర్శిని ప్రచురించింది. స్థలానికి ఎందరు పడతారో ముందే లెక్కగట్టాలనీ, అత్యవసర దారులు ఖాళీగా ఉంచాలనీ అందులో ఉంది. లోపం జ్ఞానంలో లేదు. 2022 అక్టోబరు 29న దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో నాలుగు మీటర్లకు మించని ఒక వాలు సందులో జనం ఒత్తిడికి 158 మంది చనిపోయారు. జనం నలిగిపోతున్నారని పోలీసులకు మొదటి ఫోను వచ్చింది సాయంత్రం 6.34కు, ప్రాణాలు పోయింది పది దాటాక. దాదాపు నాలుగు గంటల పాటు తెలిసి కూడా ఆపేవారు లేకపోయారు.

రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణి యాత్ర 2025లో జరిగింది, ఆ లెక్కన 2027 చైత్రంలో మళ్లీ ఉంటుంది. అమ్మవారిని ఇంటి ఆడబిడ్డగా భావించి దేశిబెహరా వీధికి తెచ్చుకునే నేతపనివారి పెద్దలూ, జిల్లా యంత్రాంగమూ సన్నాహక సమావేశాలకు కూర్చున్నప్పుడు పందిళ్లు, విద్యుద్దీపాల మాటకు ముందు ఒక ప్రశ్నకు జవాబు తేల్చాలి. అమ్మవారు తిరిగి ఆలయానికి వెళ్లే చివరి రాత్రి, ఊరేగింపును పది నిమిషాలు ఆపమని, పాటలు ఆపేసి మైకు తనకిమ్మని, సందు మొగలో తాడు కట్టమని చెప్పగల మనిషి ఎవరు? వీఐపీ కారు వచ్చినా తాడు విప్పనని అనగలిగే వాడై ఉండాలి. ఆ అధికారి పేరూ, హోదా, ఫోను నంబరూ, ఏ సందులో గంటకు ఎందరిని వదులుతారో ఆ అంకె యాత్రకు వారం ముందు మాకు పంపితే, తెలుగులోనూ ఒడియాలోనూ మొదటి పేజీలో ఉచితంగా వేస్తాం.