విరహానికి కొలతలుండేవి

ప్రేమలో బాధను గొప్పగా చూపడం ఇంగ్లీషు కవిత్వం వల్లే తెలుగులోకి వచ్చిందని నేను చదివిన ఒక వ్యాసంలో రాశారు. సగమే నిజం. కావ్యాల లక్షణాలు చెప్పే మన అలంకారశాస్త్రం విప్రలంభాన్ని, అంటే ప్రేమికుల ఎడబాటును, పూర్వరాగం (కలవకముందే పుట్టే ప్రేమ), మానం (అలక), ప్రవాసం (దూరదేశంలో ఉండటం), కరుణం (మరణంతో ఎడబాటు) అని విభజించింది. అభిలాషతో మొదలై చింత, ఉన్మాదం, వ్యాధి మీదుగా మరణం దాకా పది మన్మథావస్థలు, అంటే ప్రేమబాధలో పది దశలు, చెప్పింది. 16వ శతాబ్దపు ప్రబంధాల్లో నాయిక చంద్రుణ్ణి, మలయమారుతాన్ని నిందిస్తుంది. చెలులు గంధం పూసి, తామరాకులు పరిచి శైత్యోపచారాలు చేస్తారు. ఆ బాధకు విరుగుడు ఒక్కటే, సమాగమం. ‘మనుచరిత్ర’లో అసలు ప్రవరుడు దక్కని వరూధినికి కూడా పెద్దన మాయాప్రవరుణ్ణి, అంటే ప్రవరుడి రూపంలో ఒక గంధర్వుణ్ణి, తెచ్చాడు! కథకు అది ఎంత అవసరమో చూడండి.

మారింది ఈ సమాగమం దగ్గరే. 20వ శతాబ్దపు కవి రాయప్రోలు సుబ్బారావు ‘తృణకంకణం’ కావ్యంలో ప్రేమికులకు పెళ్ళి జరగదు, ప్రేమ స్నేహంగా నిలుస్తుంది. అమలిన శృంగారం (దేహవాంఛ లేని ప్రేమ) అన్నది అదే. దేవులపల్లి కృష్ణశాస్త్రి దగ్గరికి వచ్చేసరికి ఏడ్చేది నాయిక కాదు, కవే. దుఃఖం తీరాలన్న తొందర కూడా లేదు. దీనికి ఇంగ్లీషు కవులు షెల్లీ, కీట్సుల ప్రభావం ఉంది, కాదనను. కానీ బాల్యవివాహాలు మామూలైన సమాజంలో, ఇష్టపడ్డ మనిషిని చేసుకునే దారి చాలామందికి లేదు. ఆ కారణాన్ని వ్యాసం అసలు తాకలేదు, అదే నాకు పెద్ద లోటుగా అనిపించింది.