సవరణ: చలిదేశాల పురుగులన్నీ గడ్డకట్టవు

"చలిదేశాల పురుగులు శీతాకాలంలో గడ్డకట్టి, ఎండలు రాగానే కరిగి లేస్తాయి" అని మొన్నటి పోస్టులో ఉంది. అది కొన్నిటికే వర్తిస్తుంది.

ఉత్తర అమెరికాలో గోల్డెన్‌రాడ్ అనే పసుపు పూల మొక్క కాండానికి బుడిపెలు కనిపిస్తాయి. గుండ్రటి బుడిపెలో ఒక రకం ఈగ లార్వా (గుడ్డులోంచి వచ్చిన పిల్లపురుగు), కోలగా ఉన్నదాంట్లో ఒక చిమ్మట లార్వా చలికాలం గడుపుతాయి. ఈగ లార్వా నిజంగానే గడ్డకడుతుంది. అయితే మంచు ఎక్కువగా కణాల బయటి ద్రవంలోనే ఏర్పడుతుంది. కణాలను గ్లిసరాల్, సార్బిటాల్ అనే చక్కెరలాంటి పదార్థాలు కాపాడతాయి. చిమ్మట లార్వా ఒంట్లో గ్లిసరాల్ దండిగా నింపుకుని, దాదాపు మైనస్ 38 డిగ్రీల దాకా గడ్డకట్టకుండా ఉంటుంది. అదీ దాటి గడ్డకట్టిందా, చచ్చినట్టే.

"చలి తగ్గితే వీటికి వరం" అన్న వాక్యాన్నీ తీసేశాను. ఈ లార్వాలు శీతాకాలంలో ఏమీ తినవు, ఒంట్లో దాచుకున్నదే ఆధారం. వాతావరణం వెచ్చగా ఉంటే ఆ నిల్వల ఖర్చు పెరుగుతుంది. ప్రయోగాల్లో వెచ్చటి చోట ఉంచిన ఈగ లార్వాలు తక్కువగా బతికాయి, బతికిన ఆడ ఈగల్లో గుడ్లూ తగ్గాయి.